కళ్లు తెరిచే ఉన్నా.. మెదడు లాగౌట్!

రేపు ప్లేస్‌మెంట్ టెస్ట్. ఈ రాత్రి నైట్‌అవుట్ చేసి ఇంకో రెండు చాప్టర్లు లాగించేద్దాం అనుకుంటున్నారా? నా మాట వినండి, ఆ బేరం గిట్టుబాటు కాదు.

నిద్ర చాలకపోతే మెదడు మిమ్మల్ని అడక్కుండానే కునుకు తీసేస్తుంది. ఇదే మైక్రోస్లీప్. సెకను నుంచి 15 సెకన్ల దాకా ఉంటుంది. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి. ఈఈజీలో మాత్రం మెలకువ తరంగాల స్థానంలో నెమ్మదైన థీటా తరంగాలు కనిపిస్తాయి. ప్రశ్న చదివినట్టే ఉంటుంది, బుర్రకెక్కదు.

పూర్తిగా కునుకు పట్టకముందే నష్టం మొదలవుతుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల్ని నిద్రపోనివ్వకుండా గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. అవి మెలకువగా తిరుగుతున్నా, మెదడులో కొన్ని న్యూరాన్లు కాసేపు ఆగిపోయాయి. ఆ క్షణాల్లో చక్కెర గుళికను అందుకోబోయి తడబడ్డాయి.

టెస్ట్ పోతే ఇంకోటి వస్తుంది. నైట్‌అవుట్ తర్వాత బండెక్కితే? 60 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్ల కునుకంటే, బండి దాదాపు 66 మీటర్లు నడిపేవాళ్లు లేకుండా వెళ్లినట్టే! కాఫీ ఆ కునుకును కాస్త వాయిదా వేస్తుందంతే, నిద్ర బాకీ తీర్చదు.

సీనియర్లు నైట్‌అవుట్ కథలు గొప్పగా చెబుతారు. విని నవ్వేయండి. రాత్రి పుస్తకం మూసి పడుకోండి. నిద్ర కూడా ప్రిపరేషనే. ఒకవేళ మేల్కోక తప్పలేదా, పొద్దున బండి తాళం ఇంట్లోనే వదిలి బస్సెక్కండి.