పూర్తిగా మార్చాలి సార్!

పాత కారుకు వెనుక తలుపు మొరాయించినప్పుడు సర్వీసు సెంటర్లలో వినిపించే తీర్పు దాదాపు ఒక్కటే: "అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్!" పరీక్ష లేదు, విచారణ లేదు, ఏకంగా మరణశిక్ష. మీట నొక్కితే తనంతట తాను లేచి, మళ్ళీ నొక్కితే తనంతట తాను మూసుకునే ఆ తలుపుకు కంపెనీలవారు పెట్టుకున్న పేరు పవర్ టెయిల్‌గేట్. మన జనం నోట మాత్రం అది డిక్కీయే. అది ఆగిపోవడానికి కారణాలు అరడజనుకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా వరకు కొన్ని వందల రూపాయలతో తీరేవి. వేలకు వేలు పోసి మోటారు మార్చడం అన్నిటికన్నా చివరి మాట కావాలి. ఆ చివరి మాటనే మొదట పలకడం అజ్ఞానమా, వ్యాపారమా అన్నది ఈ టపాలో నా ప్రశ్న. నా జవాబును దాచుకోను: అజ్ఞానాన్ని వ్యాపారమే పెంచి పోషిస్తున్నది.

మొగుళ్లపల్లి వంటి ఊరి గురించి రాస్తూ పవర్ డిక్కీ గొడవేమిటని కొందరు నవ్వవచ్చు. పత్తి, వరి, మిరప పండే మండలం అది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనిది, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. నవ్వేవారు ఒక సంగతి గమనించాలి. కారు యౌవనం నగరంలో గడిస్తే, వార్ధక్యం గడిచేది ఇటువంటి ఊళ్ళలోనే. 2016లో మన మార్కెట్లోకి వచ్చిన కొత్త ఎండీవర్, కొత్త ఫార్చ్యూనర్ బళ్ళలో ఈ మీట తలుపు ఉండేది. వాటికిప్పుడు ఇంచుమించు పదేళ్ళు. మొదటి యజమాని హైదరాబాదులో అమ్మేస్తే, రెండో చేతిలోనో మూడో చేతిలోనో ఆ తరం బళ్ళు విత్తనాల వ్యాపారి ఇంటి ముందు, రైసు మిల్లు ఆవరణలో, కాంట్రాక్టరు గుడిసె పక్కన తేలుతాయి. వారంటీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఎండీవర్ సంగతైతే మరీను. ఫోర్డ్ సంస్థ భారతదేశంలో తయారీని ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. విడిభాగాలూ సర్వీసూ కొనసాగిస్తామన్నది, నిజమే. అయితే ఉత్పత్తి ఆగిన బండికి "మొత్తం మార్చడం" అనే వైద్యం ఎన్నాళ్ళు నడుస్తుంది?

అసలు ఈ విషయంలో మన రైతుకు ఉన్నపాటి తర్కం సర్వీసు సెంటరుకు లేదు. బోరు మోటారు నీళ్ళు పోయడం లేదనుకోండి. ఏ రైతైనా మొదటే పైపులన్నీ ఊడబెరికి మోటారును పైకి లాగుతాడా? ముందు కరెంటు ఉన్నదా లేదా చూస్తాడు. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పట్టుతున్నదా, కేబులు ఎక్కడైనా ఎలుక కొరికిందా అని వరుసగా చూసుకుంటూ వస్తాడు. అవన్నీ బాగున్నాకే మోటారు మీద అనుమానం. పైకి తీసిన తరువాత కూడా దాన్ని పారేయడు, పట్నం తీసుకుపోయి వైండింగు కట్టిస్తాడు. కారు డిక్కీలో ఉన్నదీ కరెంటే, వైరే, స్విచ్చే, మోటారే. పన్నెండు వోల్టులైనంత మాత్రాన తర్కం మారదు.

ఆ తలుపు పనితనం మరీ బ్రహ్మవిద్య ఏమీ కాదు. తలుపుకు ఇరువైపులా రెండు కడ్డీలు ఉంటాయి. కొన్ని బళ్ళలో రెండింటిలోనూ, కొన్నింటిలో ఒకదానిలోనే ఒక చిన్న మోటారు, దాని పళ్ళచక్రాలు, ఒక మరకడ్డీ, దాన్ని చుట్టుకొని బలమైన స్ప్రింగు ఉంటాయి. మోటారు తిరిగితే మరకడ్డీ పొడవు పెరుగుతుంది, తలుపు లేస్తుంది. రెండో కడ్డీ మామూలు గ్యాసుదైతే తలుపు బరువులో తన వాటా తాను మోస్తుంది. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సారు ఒకటి, తలుపు పడిందో లేదో చెప్పే స్విచ్చు తాళంలో ఒకటి, చెయ్యి ఇరుక్కుంటే వెనక్కు తీయడానికి అంచున రబ్బరు పట్టీ ఒకటి. ఈ కబుర్లన్నీ విని ఆజ్ఞలిచ్చే చిన్న పెట్టె ఒకటి. ఆ పెట్టెకు ఏ కబురు అందకపోయినా అది పని చెయ్యనంటుంది. మనకు కనిపించేది మోటారు కదలకపోవడం. చాలా సందర్భాల్లో మోటారు నిర్దోషి.

ముందు బ్యాటరీ. బండి ఆపి కొన్ని గంటలు ఉంచాక నిండు బ్యాటరీ పన్నెండున్నర వోల్టులకు పైన చూపాలి. పన్నెండుకు దిగజారిందంటే అది దాదాపు ఖాళీ అయినట్టే. ముసలి బ్యాటరీ ఇంజనును ఎలాగో లేపుతుంది గాని, బరువు తలుపు ఎత్తమంటే వోల్టేజి కుప్పకూలి పెట్టె మొండికేస్తుంది. బ్యాటరీ కొత్తగా మార్చిన తరువాత డిక్కీ పనిచేయడం మానేసిందంటే, అది తన స్థానం మరిచిపోయి ఉండవచ్చు. చాలా బళ్ళలో తలుపును చేత్తో పూర్తిగా మూసి, పుస్తకంలో చెప్పిన విధంగా మళ్ళీ నేర్పితే సరిపోతుంది. దీనికి కూడా బిల్లు వేసేవారున్నారు.

తరువాత చూడవలసింది, నా దృష్టిలో నూటికి నూరుపాళ్ళూ మొదట చూడవలసింది, పైకప్పుకూ తలుపుకూ మధ్య ఉండే నల్లటి రబ్బరు గొట్టం. తలుపుకు వెళ్ళే వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి ఒకే చోట వంగుతాయి. పదేళ్ళపాటు రోజుకు నాలుగుసార్లు వంచితే ఏ రాగి తీగైనా తెగుతుంది. మే నెల ఎండకు తొడుగు పెళుసెక్కి ఉంటే ఇంకా ముందే తెగుతుంది. దీని గుర్తు చాలా తేలిక. డిక్కీతోపాటు వెనుక కెమెరా మినుకుమినుకుమనడం, నంబరు పలక దీపం ఆరిపోవడం, వెనుక వైపరు ఆగిపోవడం జరుగుతుంటే ఇక సందేహించనక్కరలేదు. రబ్బరు గొట్టాన్ని ఒక కొస నుండి ఊడదీసి వైర్లను ఒక్కొక్కటే మెల్లగా లాగి చూస్తే, తెగినది రెండు ముక్కలై చేతికొస్తుంది. ముందు బ్యాటరీ తీగ విప్పి, మెత్తని వైరు ముక్క కలిపి, టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. అతుకులు వంపు దగ్గర పడకుండా, ఒకదాని పక్కన ఒకటి రాకుండా ఎడం చేయాలి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఆరు నెలలకు మళ్ళీ అదే కథ.

మొగుళ్లపల్లిలో మా బావగారి బండికి జరిగింది ఇదే. తలుపు సగంలో ఆగేది, ఒక్కోసారి లేచేది, వానలు పడితే అసలే కదిలేది కాదు. నగరంలోని ఒక సర్వీసు సెంటరువారు బండిని రెండు రోజులు ఉంచుకొని, రెండు కడ్డీలూ పెట్టే కలిపి అరవై వేలు దాటే అంచనా చేతిలో పెట్టారు. పరకాలలో ఒక ఆటో ఎలక్ట్రీషియను టెస్టు బల్బూ మీటరూ పట్టుకొని ముప్పావుగంట చూశాడు. "మోటారు మంచిగనే ఉన్నది సారూ, గీ రెండు వైర్లు తెగినయ్, గంతే" అన్నాడు. నాలుగు వందలు పుచ్చుకున్నాడు. ఆ రెండు వైర్లు తెగిన సంగతి లక్షల విలువ చేసే స్కానరుకు తెలియలేదా? తెలిసే ఉంటుంది. ఫలానా చోట సంకేతం అందడం లేదని అది చెప్పి ఉంటుంది. ఎందుకు అందడం లేదో వెతకడానికి మనిషి కావాలి. వెతికే మనిషికి జీతం దండగ, అమ్మే మనిషికి కమీషను లాభం.

మిగిలిన కారణాలు క్లుప్తంగా. గ్యాసు కడ్డీ నీరసిస్తే తలుపు బరువంతా మోటారు మీద పడి సగంలో ఆగుతుంది. చేత్తో ఎత్తినప్పుడు పూర్వంకన్నా బరువుగా తోస్తే అనుమానం దాని మీదే. తాళంలో దుమ్ము పేరుకుంటే తలుపు పడిన కబురు పెట్టెకు అందదు. మన మట్టి బాటలకు, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ముకు ఇది మామూలే, శుభ్రం చేసి చూడాలి. మీట రబ్బరు చిట్లి నీరు దిగడం మరొకటి. ఇవేవీ కాకపోతే, లోపల గరగరమని చప్పుడు వస్తుంటే, అప్పుడు నిజంగానే మోటారు కడ్డీ పోయినట్టు. అప్పుడు మార్చండి, ఎవరొద్దన్నారు?

దీనికి కంపెనీల పక్షాన వినిపించే వాదన భద్రత. బయటి మెకానిక్కులు ముట్టుకుంటే ప్రమాదమట. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ప్రమాదం లేకపోలేదు. ఆ కడ్డీలోని స్ప్రింగు మామూలుది కాదు, దాన్ని విప్పరాదు. గ్యాసు కడ్డీకి రంధ్రం వేయరాదు, నిప్పులో పడేయరాదు. తలుపుకు గట్టి కర్ర ఆనించకుండా కడ్డీ ఊడదీస్తే అంత బరువూ నెత్తిన పడుతుంది. అయితే ఇవన్నీ మెకానిక్కుకు చెప్పవలసిన సంగతులా, దాచవలసిన సంగతులా? కరెంటు ప్రమాదమని మోటారు మెకానిక్కుకు వైరింగు పటం ఇవ్వకుండా ఉంటామా?

ఈ వాదన చట్టం ముందు కూడా నిలవలేదు. 2011లో శంషేర్ కటారియా అనే వినియోగదారుడు విడిభాగాలూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయట దొరకనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ పెరిగి పెరిగి 14 కార్ల కంపెనీల దాకా పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ ఆ పద్నాలుగింటికీ కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలనూ పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందుబాటులో ఉంచాలన్నది. బయట మరమ్మతు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదన్నది. మేధోసంపత్తి అన్న సాకును ఒప్పుకోలేదు. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టి, జరిమానాను మాత్రం తగ్గించింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అందులో వాహనాలతోపాటు వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. ఆ ఏడాది చివర ఒక పోర్టలూ తెరిచింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల మరమ్మతు హక్కుకు ఓటు వేసి చట్టం తెచ్చుకున్నది. మనకు పోర్టలు వచ్చింది, పరకాల ఎలక్ట్రీషియను చేతికి వైరింగు పటం రాలేదు.

మరో బాధ కూడా ఉంది. ఆ పటం వచ్చినా ఏ భాషలో వస్తుంది? కవిత్వానికీ, కథకూ, ఛందస్సుకూ తెలుగులో ఇంత శ్రమ పడుతున్నాం, సంతోషమే. మనలో ఇంజనీర్లకు కొదవ లేదు. స్టార్టరు, ఫేజు, వైండింగు అనే మాటలను తెలుగు చేసుకున్న రైతుకు హాల్ సెన్సారు అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పలేమా? పారిభాషిక పదాలు లేవన్న వంక వద్దు. సెన్సారును సెన్సారనే రాయండి, వాక్యం మాత్రం తెలుగులో ఉండనివ్వండి.

ఈలోగా, ఎవరి డిక్కీ అయినా మొరాయిస్తే సర్వీసు సెంటరులో మూడు అడగండి. స్కానరు చూపిన లోపం సంఖ్యను కాగితం మీద రాసి ఇమ్మనండి. రబ్బరు గొట్టం విప్పి వైర్లు చూశారా అని అడగండి. అయినా సామాను మారుస్తామంటే, ఊడదీసిన పాత సామాను మీదే కనుక దాన్ని సంచిలో వేసి ఇమ్మనండి. పరకాల దాకా తీసుకుపోతే అది నిజంగా చచ్చిందో లేదో పావుగంటలో తేలిపోతుంది.