పిల్లి బొమ్మయు, పిల్లవాని చెవియు

ఇటీవల మే మొక మిత్రుని యింటికి బోయియుంటిమి. గృహస్థుడు విద్యావంతుడు, ఇంట గ్రంథములకు లోటు లేదు. మమ్ము గూర్చుండబెట్టి, నాలుగేండ్ల కుమారుని బిలిచి, "మాస్టారుగారికి రైము వినిపించు నాన్నా" యనెను. బాలుడు చేతులు గట్టుకొని, గొఱ్ఱెను గూర్చిన యాంగ్లగేయమును దడబడకుండ నప్పగించెను. వాని పుస్తకములో గొఱ్ఱె తెల్లనిది. ఒడలెల్ల ఉంగరములు దిరిగిన యున్ని. అదే సమయమున వీధిని మంద యొకటి పోవుచుండెను. మేము బాలుని యరుగుమీదికి దోడ్కొని పోయి, "ఇవి యేమి నాయనా?" యని యడిగితిమి. వాడు కొంతసేపు చూచి, "మేకలు" అనెను. గొఱ్ఱె యను మాట వాని కెవ్వరును జెప్పియుండలేదు. తండ్రి నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

మేము బాలుని దూషింపము. ఆ పుస్తకమును దూషింపము. శిశువులకై జంతువుల బొమ్మలతోను ప్రాసలతోను గూడిన పుస్తకములను సిద్ధపఱచుటలో ఆంగ్లేయులును అమెరికావారును జూపిన శ్రద్ధ మిక్కిలి మెచ్చదగినది. మా యభియోగము మనమీదనే. మనము వారి ఫలమును దెచ్చుకొంటిమి గాని, దానిని బండించిన కృషిని దెచ్చుకొనలేదు.

ఆ కృషి యెట్టిదో చూడుడు. 1658లో కొమీనియస్ అను విద్యావేత్త నూరెంబర్గు పట్టణమున బాలురకై బొమ్మల పుస్తక మొకటి ప్రకటించెను. అందు అక్షరములను నేర్పుటకు ఆయన యెన్నుకొన్నవి కాకి కూత, గొఱ్ఱెపిల్ల యఱపు మొదలగు జంతుధ్వనులు. అది లాటిను నేర్పు పుస్తకమే యయ్యును, ప్రక్కనే జర్మనుభాషయు ముద్రింపబడెను. పరభాషను నేర్పుటకు ఇంటిభాషను వెడలగొట్టవలెనని యాయన తలపలేదు. 1954లో జాన్ హెర్సీ యను రచయిత లైఫ్ పత్రికలో, అమెరికా పాఠశాలల వాచకములు నీరసములని గట్టిగా నిందించెను. పిమ్మట 1957లో డాక్టర్ స్యూస్, పసివాండ్ర కెఱుకపడదగిన మాటల పట్టికకు లోబడి, 236 వేర్వేఱు మాటలతోనే, టోపి పెట్టుకొన్న పిల్లికథను బ్రాసలతో నల్లెను. అచట నొక నింద యొక పుస్తకమునకు దారి తీసినది. మన పత్రికలలో నిందలకు గొదువ లేదు, పుస్తకములేవి?

ప్రాస వినోదమాత్రమే యని తలపరాదు. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అను ఆక్స్‌ఫర్డు పరిశోధకులు, నాలుగైదేండ్ల ప్రాయము గల సుమారు 400 మంది యాంగ్లశిశువులను బరీక్షించి, మాటలలోని ధ్వనిసామ్యమును బాగుగా గుర్తించినవారు పిమ్మట చదువుటయందును వర్ణక్రమమునందును మెఱుగుగా నుండిరని ప్రకటించిరి. ఆ ఫలితము ఆంగ్లమునకు సంబంధించినది. మన లిపి వేఱు. అయినను, కంటికంటె ముందు చెవియే పాఠము నేర్చుకొనునని శిశువులకు జదువు చెప్పిన ప్రతి యుపాధ్యాయుడు నెఱుగును.

ఆ చెవికి విందు చేయుటకు మన భాష దరిద్రమా? ఆవు అంబా యనును, ఎద్దు ఱంకె వేయును, గుఱ్ఱము సకిలించును, గాడిద ఓండ్రపెట్టును, ఏనుగు ఘీంకరించును, నక్క ఊళ వేయును, పాము బుసకొట్టును, కప్ప బెకబెకలాడును. ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క క్రియ! మఱియు, పిల్లికి బల్లి, నక్కకు కుక్క, ఎలుకకు చిలుక జతగా గాచుకొని యున్నవి. మన ఛందస్సున బాదమునందలి రెండవ యక్షరము ప్రాసస్థానము. పిల్లి, బల్లి వంటి రెండక్షరముల మాటలలో ఆ ప్రాసయు అంత్యప్రాసయు నొకచోటనే కలియును. భాష యింత సిద్ధముగా నుండగా మన కవులకు దీరిక లేదట!

కొంద ఱిట్లందురు: "మనకు బంచతంత్ర మున్నది, జంతుకథలకు గొఱత యేమి?" నిజమే. కాని విష్ణుశర్మ యా కథలు చెప్పినది రాజనీతి నేర్వవలసిన రాజకుమారులకు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను బ్రకటించినది భాష నభ్యసించు విద్యార్థులకు. మూడేండ్ల శిశువునకు మిత్రభేద మెందుకు? వానికి గావలసినది పిల్లి గోడ యెక్కుట, బల్లి తోక జాఱవిడుచుట.

మఱికొంద ఱందురు: "ఆంగ్లము లేనిదే యుద్యోగము లేదు." మే మాంగ్లద్వేషులము గాము, ఆ భాషను సంస్కృతముతో బాటు చదివినవారము. ఆంగ్లపుస్తకమును జదువుడు; దాని ప్రక్కనే తెలుగుపుస్తకమును జదువుడు. గొఱ్ఱె యన నేమో యెఱుగని బాలుడు రెండు భాషలు నేర్చినవాడు గాడు; రెంటికిని నడుమ నిలువబడినవాడు.

"ఫోనులో బొమ్మలు కదలుచు బాడుచున్నవి గదా, పుస్తక మెందు?" కని యింకొక ప్రశ్న. ఫోను శిశువుకొఱకు ఆగదు. పుస్తకము చదువు తల్లి, చరణాంతమున బ్రాసపదమునకు ముందు ఆగును. శిశువు దానిని బూరించును. ఆ యాగుటలోనే విద్య యున్నది. తాను జెప్పిన మాట సరిపోయినదని తల్లి ముఖమున జూచి తెలిసికొన్న శిశువు, మరునాడు పుస్తకమును దానే తెచ్చి యొడిలో బడవేయును.

తెలుగున బొమ్మల పుస్తకములు బొత్తిగా లేవని మేమనము. కొందఱు ప్రకాశకులు శ్రద్ధతో మంచివి తెచ్చుచున్నారు; వారికి నమస్కారము. కాని యంగళ్లలో గుట్టలుగా బడియున్నవానిని జూడుడు. ఆంగ్లము నుండి మాటకు మాట దింపినవి కొన్ని. మన వాక్యము క్రియతో ముగియును గావున, "చూచినది, దూకినది, పాఱినది" యని క్రియాంతములను వరుసగా బేర్చి, అదియే ప్రాస యనుకొన్నవి కొన్ని. కడపట "కావున అబద్ధమాడరాదు" అని నీతిని దగిలించినవి మఱికొన్ని. బొమ్మలన్ననో, మన యూరిలో నెవరును జూడని మృగములు. నెల్లూరు గొఱ్ఱెకు ఉన్ని లేదు, పొడవైనది. దక్కను గొఱ్ఱె తఱచు నల్లనిది. వానిని గీయుటకు మన చిత్రకారున కేమి యడ్డము?

ఈ దోషమున మాకును బాలు గలదు. మా బిడ్డ చిన్ననాట, ఒకసారి మా యొడిలో గూర్చుండి, బొమ్మ జూచి, తానే పిల్లికిని బల్లికిని జోడు కూర్చి యేదియో పాడుచుండగా, మేము నడుమ నడ్డుపడి, "బళ్లి కాదు, బల్లి" యని యుచ్చారణ దిద్దితిమి. పాట ఆగిపోయినది. దిద్దుబాటు నిలిచినదో లేదో మాకు జ్ఞప్తి లేదు. పాట మాత్రము మరల రాలేదు.

కావున గృహస్థులారా, మేము గోరునది స్వల్పము. దినమునకు బది నిమిషములు ఫోను బ్రక్కన బెట్టి, శిశువును ఒడిలో గూర్చుండబెట్టుకొని, బొమ్మల పుస్తకమును బిగ్గఱగా జదువుడు. తండ్రులు ఇది స్త్రీల పనియని తప్పించుకొనరాదు. అక్షరము లెఱుగని నాయనమ్మ యున్నచో ఆమె చేతికిని బుస్తకము నిండు. ఆమె బొమ్మను జూచి తన మాటలతో జెప్పగలదు, ఆ యింట గొఱ్ఱె పేరు బహుశః ఆమెకే యెక్కువ తెలియును. వచ్చినవారియెదుట బిడ్డచేత నప్పగింపించుట మానుడు. చెడ్డ పుస్తకమును గొనకుడు. మంచిదానిని గొని, పదిమందికి జెప్పుడు. కొనువారు లేనిదే వ్రాయువారు రారు.

కవులారా, పండితులారా, మీకొక మాట. మహాకావ్యమునకు బాఠకులు దొరకుట లేదని మీరు వగచుచున్నారు. ఆ పాఠకుడు నేడు మూడేండ్లవాడై, తెలుగు మాట వినబడని యింట గూర్చున్నాడు. వానికి ముందొక పిల్లి నిండు.