గది తాళం ఎవరి దగ్గరుంది?

"రాక్ సంగీతమా? అది దొరల పిచ్చి, మనకెందుకు?" అనే మిత్రులకు ఒక్క మాట. ‘క్వీన్’ బృందానికి గొంతైన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోక్ బుల్సారా. పార్సీల బిడ్డ. 1946లో జాంజిబార్‌లో పుట్టి, చదువుకోసం మన దేశంలోని పంచ్‌గని వచ్చాడు. అక్కడి బడిలోనే తోటి పిల్లలతో తొలి బ్యాండు కట్టి పియానో వాయించాడు. 1964లో ఇంగ్లండు చేరాడు. 1970లో ‘క్వీన్’ పుట్టింది. 1985లో వెంబ్లీ స్టేడియంలో ఇరవై నిమిషాలపాటు జనసముద్రాన్ని ఊపేశాడు. 1991లో, 45 ఏళ్ళకే, ఎయిడ్స్ వ్యాధి అతణ్ణి తీసుకుపోయింది.

మన బార్కస్‌కీ సముద్రం దాటి వచ్చిన సంగీతముంది. హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన అరబ్బు సిపాయిల బారక్సే కదా ఈ బార్కస్! పెళ్ళి బరాత్‌లో మర్ఫా మోగితే ఎవరి కాళ్ళు నిలుస్తాయి? ఆ దరువు పట్టిన కుర్రాళ్ళు మన క్లాసుల్లోనూ ఉంటారు. వార్షికోత్సవానికి అద్దె ఆర్కెస్ట్రా తెస్తాం గాని, సాయంత్రంపూట సాధనకు వాళ్ళకో గది ఇవ్వం! ఫ్రెడ్డీకి గొంతు దేవుడిచ్చాడేమో, పియానో, తోడు వాయించేవాళ్ళు మాత్రం బడిలోనే దొరికారు.

యూనియన్ నాయకులారా, ఉపన్యాసాలు తర్వాత. ముందు ఆ గది తాళం తీయించండి!