జ్వరం తగ్గింది, మందు ఆపవచ్చా?

వానాకాలం, చలికాలం వచ్చాయంటే పల్లెల్లో పసిపిల్లలకు గడ్డుకాలమే. దగ్గు, జలుబుతో మొదలైన జబ్బు కొందరిలో న్యుమోనియాగా ముదురుతుంది. బిడ్డను చంకనేసుకుని తల్లి ఆసుపత్రికి వెళ్ళిందంటే ఆ రోజు కూలి పోయినట్లే. అంత కష్టపడి తెచ్చిన యాంటీబయాటిక్ సీసా, రెండు రోజులకు జ్వరం తగ్గగానే గూట్లోకి చేరుతుంది. నెల తిరిగాక రెండో బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే అదే సీసా మళ్ళీ కిందికి దిగుతుంది. ఈ అలవాటు ఎంతో ప్రమాదకరం.

పొడిలో కాచి చల్లార్చిన నీరు కలిపి తయారుచేసే అమాక్సిసిలిన్ సిరప్‌ను సాధారణంగా వారం రోజుల్లోపే వాడాలి. ఆ తర్వాత దాని బలం తగ్గిపోతుంది. పైగా జలుబు, మామూలు దగ్గు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి. వాటిపై ఈ మందు పనిచేయదు. అవసరం లేకుండా వాడే కొద్దీ సూక్ష్మక్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన నాడు మందు ఉండీ ఉపయోగం ఉండదు.

మరి ఎన్ని రోజులు వాడాలి? మన దేశంలోనే ఏడు ఆసుపత్రుల్లో 2,188 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. తీవ్రం కాని న్యుమోనియాకు 3 రోజులు అమాక్సిసిలిన్ వాడినవారిలో 89.5 శాతం మందికి, 5 రోజులు వాడినవారిలో 89.9 శాతం మందికి నయమైంది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఎనిమిది వందలకు పైగా పిల్లలపై జరిపిన మరో పరీక్ష 2021లో ఇదే దారి చూపింది. 3 రోజుల వైద్యం 7 రోజుల వైద్యానికి తీసిపోలేదు. అంటే మందు ఎక్కువ రోజులు మింగిస్తేనే మేలన్న నమ్మకం అన్ని వేళలా నిజం కాదు.

అలాగని అన్ని జబ్బులకూ ఒకే లెక్క వర్తించదు. రెండేళ్ళలోపు పిల్లల చెవి లోపలి ఇన్‌ఫెక్షన్‌కు 5 రోజులు మందు ఇస్తే 34 శాతం మందిలో వైద్యం విఫలమైందని, 10 రోజులు ఇస్తే 16 శాతం మందిలోనే విఫలమైందని 2016లో అమెరికాలో తేలింది. స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల వచ్చే గొంతునొప్పికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ 10 రోజులు వాడాలంటారు. అశ్రద్ధ చేస్తే అది కీళ్ళవాతపు జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీయవచ్చు. కనుక రోజుల లెక్క జబ్బును బట్టి డాక్టరు నిర్ణయించవలసిందే గాని, జ్వరం తగ్గిందని తల్లిదండ్రులు తేల్చేది కాదు.

ఇక పట్నాల్లో పిల్లల చేతికి కట్టే గడియారాలు, ఒంటికి అంటించే జ్వరం పట్టీలు, వేలికి తొడిగే ఆక్సిజన్ మీటర్లు అమ్ముతున్నారు. రాత్రివేళ జ్వరం ఎప్పుడు పెరిగిందీ తెలుసుకోవడానికి ఇవి కొంత సాయపడవచ్చు. కాని బిడ్డ కాళ్ళూ చేతులూ ఆడించినా, వేళ్ళు చల్లబడినా ఆక్సిజన్ లెక్క తప్పవచ్చు. నల్లని చర్మం ఉన్నవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వెల్లడైంది. మందు ఎన్నాళ్ళు వాడాలో ఏ యంత్రమూ చెప్పలేదు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు రొమ్ము, పొట్ట కదలికను గమనిస్తూ నిండా ఒక నిమిషం శ్వాస లెక్కించాలి. 2 నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు బిడ్డకు 40, లేక అంతకుమించి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కుకున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా ఒక్క గడియ ఆగరాదు. 2 నెలలలోపు పసికందు విషయంలో ఇంటి వైద్యం అసలే పనికిరాదు.

తప్పంతా తల్లులదే అనడం న్యాయం కాదు. ఎన్ని రోజులు వాడాలో చీటి మీద తెలుగులో రాసి, నోటితో చెప్పి పంపేవారు ఎందరు? చీటి లేకుండా యాంటీబయాటిక్ అమ్మరాదన్న నిబంధన ఉన్నా, అడిగిందే తడవుగా సీసా చేతిలో పెట్టే షాపులకు కొదవ లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శ్వాస లెక్కలు, ప్రమాద సూచనలు తెలుగులో బోర్డు కట్టించాలి. మందు మొదలుపెట్టిన మూడో రోజున ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి బిడ్డను చూసి రావాలి. మందుల షాపులపై తనిఖీలు కాగితాలకే పరిమితం కారాదు. జిల్లా వైద్యాధికారులు ఈ విషయమై తగు శ్రద్ధ వహిస్తారని ఆశిద్దాం.