కాలం మరచిన కంప్యూటరు

రాత్రి గోడ స్విచ్చి కట్టివేసిన కంప్యూటరు తెల్లవారి ఏనాటిదో పాత తేదీ చూపుతుంది. సరిదిద్దినా మరునాడు మళ్ళీ అదే వరస. తేదీ తప్పినందున బ్యాంకు వెబ్‌సైట్లు సైతం తెరుచుకోవు. యంత్రమే పాడైనదని యజమాని దిగులుపడతాడు.

దోషం సాధారణంగా అంత పెద్దది కాదు. విద్యుత్తు లేని వేళ గడియారాన్ని నడిపేది లోపలి చిన్న బ్యాటరీ. 1984లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. ఏ.టి.లోనూ ఇట్టి ఏర్పాటు ఉండేది. నేడు తరచుగా కనిపించేది సి.ఆర్. 2032 అనే నాణెం వంటి బిళ్ళ: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, వోల్టేజి 3 వోల్టులు. కొన్నేళ్ళకు అది నీరసిస్తుంది. ప్లగ్గు ఊడదీసి, పాత బిళ్ళ ఉన్న దిశలోనే కొత్తది అమర్చి, తేదీ సవరిస్తే చాలు.

అయితే పని అంతటితో ముగియదు. యంత్రానికి చాలని ఆ మిగిలిన శక్తి పసివాని అన్నవాహికను కాల్చడానికి చాలు. మింగిన 2 గంటలలోనే తీవ్రమైన గాయం కావచ్చును. కనుక తీసిన బిళ్ళను బల్లపై వదలరాదు. మింగినట్లు అనుమానం కలిగినా తక్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి.