చేసి నేర్చే విజ్ఞానం

విజ్ఞానశాస్త్రం కేవలం చదివి నేర్చేది కాదు. చేసి చూసి నేర్చేది. ప్రశ్నించడం, పరిశీలించడం, పరీక్షించి నిర్ధారించుకోవడం దానికి మూడు మెట్లు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగం పేర్కొన్నది. ఆ దృక్పథానికి బీజం పడవలసిన పాఠశాలలో ప్రయోగం పుస్తకంలోని బొమ్మగా, ఫలితం కంఠస్థం చేయవలసిన వాక్యంగా మిగిలిపోతే ఆ విధి నెరవేరేదెట్లా? ప్రభుత్వ పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధనకు రూపొందించే ఏ ప్రణాళికయైనా ఈ ప్రశ్నతోనే మొదలుకావాలి.

కేసముద్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కాజీపేట–విజయవాడ రైలుమార్గంపై ఉన్న ఈ మండల కేంద్రం పూర్వపు వరంగల్ జిల్లాలోనిది; 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో భాగం. ఇక్కడి వ్యవసాయ మార్కెట్ పేరెన్నికగన్నది. పసుపు, మిర్చి, ధాన్యం రాశులు పోసే ఆ ఆవరణమే చూడగలిగినవారికి ఒక ప్రయోగశాల. పసుపునకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుందని పెళ్ళింట పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపు క్షారాన్ని గుర్తించే సూచిక అని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఈ రెండూ ఒకే సత్యమని విద్యార్థి తన చేతులతో తెలుసుకున్ననాడే పాఠం మనసుకు పడుతుంది.

ధాన్యం సంగతి మరింత ఆలోచింపదగినది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో ధాన్యపు తేమ 17 శాతం మించరాదన్నది నిబంధన. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యాన్ని ఆ స్థాయికి ఆరబెడితే ఎంత మిగులుతుంది? 97 కిలోలని తొందరపడి చెప్పేవారుంటారు. కాని అందులోని ఎండు పదార్థం 80 కిలోలు. ఆరిన తరువాత అది మొత్తంలో 83 శాతం కావాలి. కనుక మిగిలేది దాదాపు 96.4 కిలోలు. ఈ లెక్క తెలిసి, తేమ కొలిచే యంత్రాన్ని చదవగలిగిన బిడ్డ పక్కన ఉంటే, ఆ రైతు తూకం దగ్గర నిస్సహాయుడు కాడు.

ప్రతి ఊరి బడికీ సకల పరికరాలూ సమకూర్చడం భారమే. అయితే మార్గం లేకపోలేదు. ఇరుగుపొరుగు పాఠశాలలు వనరులను పంచుకొనే పాఠశాల సముదాయాలను కొఠారి కమిషన్ (1964–66) సూచించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆ ఆలోచనను మళ్ళీ ముందుకు తెచ్చింది. మండల కేంద్రంలో ఒక సమగ్రమైన ప్రయోగశాల, గ్రామాల బడులకు వంతులవారీగా వెళ్ళే పరికరాల పెట్టె, ఏటేటా రసాయనాలకు ప్రత్యేక నిధి, ఖాళీలు లేకుండా ఉపాధ్యాయులు ఉండాలి. వీటన్నిటికంటె ముఖ్యంగా ప్రయోగానికి కాలపట్టికలో చోటు, పరీక్షలో విలువ దక్కాలి.

ప్రయోగాన్ని తెరపై చూపితే చాలదా అని కొందరు అడగవచ్చు. అణువునూ గ్రహాన్నీ తెర కళ్ళకు కట్టగలదు, కాదనలేము. కాని తెరపై ప్రయోగం ఎన్నడూ తప్పిపోదు. తప్పిన కొలత ఎందుకు తప్పిందో వెదకడంలోనే శాస్త్రజ్ఞుడు రూపొందుతాడు. గాజు నాళిక పగులుతుందేమోనన్న భయంతో బీరువాకు తాళం వేస్తే నాళిక భద్రంగానే ఉంటుంది. విద్యార్థి జిజ్ఞాస మాత్రం అణగారిపోతుంది.

కలిగినవారి పిల్లలకు వేరే దారులుంటాయి. రైతుల, కూలీల పిల్లల్లో ఎందరికో ప్రభుత్వ పాఠశాలలోని ప్రయోగశాలే మొదటిది, చివరిది కూడా. కనుక ఎన్ని గదులు కట్టామన్నది కాదు, ఎందరు విద్యార్థులు స్వయంగా ప్రయోగం చేశారన్నదే ప్రణాళిక విజయానికి కొలబద్ద కావాలి.