బొద్దుతనం మాటున దాగిన జబ్బు

మన ఇళ్ళలో ఒక అలవాటున్నది. బిడ్డ బక్కపలుచగా ఉంటే డాక్టరు దగ్గరకు తీసుకుపోతాం. బొద్దుగా ఉంటే నజర్ తగులుతుందని దిష్టి తీస్తాం. పదేళ్ళ పిల్లవాడి మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకొని తల్లి సబ్బు పెట్టి రుద్దుతుంది. అది రుద్దితే పోయే మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చేస్తున్న హెచ్చరిక. అటువంటి పిల్లలలో చాలామందికి కాలేయంలో కొవ్వు కూడా పేరుకుంటూ ఉంటుంది. ఈ సంగతిని ఈ నెల పాఠకుల ముందు ఉంచడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

ఈ మాట చెప్పగానే మన కుటుంబాలలో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మా ఇంట మద్యం వాసనే లేదు, కాలేయ జబ్బు ఎలా వస్తుంది?" ఫ్యాటీ లివర్ తాగుబోతులకే వచ్చే వ్యాధి అన్న అపోహ వల్లనే చాలామంది తల్లిదండ్రులు పరీక్షకు వెనుకాడుతున్నారు. నిజానికి మద్యంతో సంబంధం లేకుండా, అధిక బరువు, చక్కెర, మైదా, కదలిక లేని జీవితం కారణంగా వచ్చే ఫ్యాటీ లివర్ నేడు పిల్లలలో అతి సాధారణమైన దీర్ఘకాలిక కాలేయ వ్యాధి. వైద్య నిపుణులు 2023లో దీని పేరునే మార్చి, జీవక్రియల లోపంతో ముడిపడిన వ్యాధిగా గుర్తించారు.

ఈ ముప్పు కాలేయంతో ఆగదు. చక్కెరలో సగభాగం ఫ్రక్టోజ్. దానిలో అధిక భాగాన్ని మార్చేది కాలేయమే. మోతాదు మించితే అది కొవ్వుగా మారుతుంది, ఆ క్రమంలో యూరిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది. మరోవైపు, పెరిగిన శరీరానికి సరిపడా రక్తాన్ని వడపోయడానికి మూత్రపిండాలు శక్తికి మించి పనిచేస్తాయి. ఏళ్ళ తరబడి అలా శ్రమిస్తే వడపోత పొరలు దెబ్బతిని, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఇంత జరుగుతున్నా బిడ్డకు నొప్పి ఉండదు. ఈ జబ్బులోని అసలు ప్రమాదం ఆ నిశ్శబ్దమే.

ఇది ధనవంతుల పిల్లల సమస్య అనుకోవడం పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఐదేళ్ళలోపు పిల్లలలో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21 నాటికి 3.4 శాతం. బస్తీలో పది రూపాయలకే చిప్స్ పొట్లం దొరుకుతుంది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయంలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవారికి సైతం రోజుకు 25 గ్రాములు మించకపోవడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇరుకు గల్లీలలో ఆడుకునే చోటు లేదు. ఉన్నచోట కూడా పదేళ్ళు దాటిన ఆడపిల్లను మనమే ఇంట కూర్చోబెడుతున్నాము. తప్పంతా బిడ్డ జిహ్వదే అనడం న్యాయమా?

అందుకే ఇది ఇంటి విషయమే కాక హక్కుల విషయం కూడా అని మేము భావిస్తున్నాము. పాఠశాల ఆవరణలోను, చుట్టూ 50 మీటర్ల పరిధిలోను కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలు అమ్మరాదని 2020లోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. ఎన్ని బడుల ముందు అది అమలవుతున్నది? చక్కెర గురించి హెచ్చరించే బోర్డులు పెట్టాలని 2025లో సీబీఎస్‌ఈ తన పాఠశాలలను ఆదేశించింది. ఆ జాగ్రత్త ఉర్దూ మీడియం ప్రభుత్వ బడులకు, మైనారిటీ గురుకులాలకు, మదర్సా వసతి గృహాలకు అక్కరలేదా? బడిపిల్లల ఆరోగ్య పరీక్షలో బరువు, ఎత్తు రాసుకొని వదిలేయక, స్థూలకాయం కనిపించిన బిడ్డకు రక్తపోటు, కాలేయపు ఏఎల్‌టీ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఉచితంగా చేయించాలి. ప్రతి బస్తీకి ఆటస్థలం, అందులో ఆడపిల్లలకు నిశ్చింతగా ఆడుకునే వేళలు కావాలి. స్థానిక కార్యకర్తలు ఈ కోరికలతో అధికారులను కలవాలని కోరుతున్నాము.

ఇక మన చేతిలో ఉన్నవి. తొలి దశలో కాలేయంలోని కొవ్వు తగ్గించుకోగలిగినదే. దానికి ప్రధాన చికిత్స ఆహారం, ఆట, నిద్ర. టీవీలో చూసిన లివర్ టానిక్కులు, తెలిసీ తెలియని మూలికలు బిడ్డకు పట్టించవద్దు. అవి కాలేయానికీ మూత్రపిండాలకూ హాని చేయవచ్చు. పస్తులుంచి బరువు దించే ప్రయత్నమూ తగదు. ఇంట్లో సీసా పానీయాలు మానాలి. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద షర్బత్‌కు బదులు నీళ్ళు, మజ్జిగ ఉంచవచ్చు. దావత్‌లో బిర్యానీ తిననీయండి, అయితే రెండోసారి వడ్డించే ముందు పిల్లవాణ్ణి అడగండి. రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. ఈ మార్పు ఇంటిల్లిపాదీ పాటించాలి. ఒక్క బిడ్డ పళ్ళెం మీదే కన్నేస్తే అది శిక్ష అవుతుంది.

అన్నింటికన్నా ముందు, "మోటూ" అని పిలవడం మానుదాం. అవమానం బరువు తగ్గించదు, దాక్కొని తినడం నేర్పుతుంది. మెడ మీది నలుపును సబ్బుతో రుద్దే చేయి, ఈసారి ఆ బిడ్డ చేయి పట్టుకొని దవాఖానాకు నడిపించాలి. ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.